ఖాళీ జాగా ఖరీదు

పత్రికలో ప్రకటనకు జాగా చదరపు సెంటీమీటర్ల లెక్కన అమ్ముతారు. డబ్బు కట్టేది తాను కాబట్టి, అందులో ఒక్క సెంటీమీటరు కూడా వృథా పోకూడదంటాడు కార్ల డీలరు. ధర, ఎక్స్‌ఛేంజ్ బోనస్, ఉచిత ఇన్సూరెన్స్, వెండి నాణెం, మూడు బ్రాంచీల ఫోన్ నంబర్లు, వ్యవస్థాపకుడైన తండ్రిగారి ఫొటో. అన్నీ ఇరికించాక మిగిలిన సందులో ‘షరతులు వర్తిస్తాయి’ అని చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తాం. అదే దసరా సంచికలో, ఎదుటి పేజీలో ఇంకో కారు. పేజీలో ముప్పాతిక వంతు తెలుపే. నడుమ బండి, కింద ఒక వాక్యం, మూలన కంపెనీ గుర్తు. ధర ఊసే లేదు. రెండింట్లో ఒక్క ముక్క చదవకముందే ఏది గట్టి బండో పాఠకుడు తేల్చేసుకుంటాడు.

హైదరాబాద్‌లో చాలాకాలం ఈ రెండు రకాల ప్రకటనలూ రాసినవాణ్ణి. ఈ పనిలో సగం, ఏం రాయకూడదో తెలుసుకోవడమే. విదేశీ పేరున్న బండి గురించి ఏమీ చెప్పకుండా వదిలేస్తే, ఆ ఖాళీని పాఠకుడు తన సొంత మంచి అభిప్రాయంతో నింపుకుంటాడు. స్వదేశీ పేరున్న బండి గురించి అదే వదిలేస్తే, ఏదో దాస్తున్నారు అనుకుంటాడు. అందుకే మన కంపెనీల బండ్లకు మేం ఊపిరాడకుండా రాసేవాళ్లం. మైలేజీ రాసేవాళ్లం, ధర రాసేవాళ్లం, అమ్మానాన్నలను, పండగను, అవసరమైతే జెండానూ తెచ్చేవాళ్లం. ఇంజిను గురించి మాత్రం రాసేవాళ్లం కాదు. జనానికి అక్కర్లేదని మా నమ్మకం. ఇలా ఏళ్లూ పూళ్లూ గడిచేసరికి, మన బండి అంటే చవక, వాళ్ల బండి అంటే పనితనం అని ప్రకటనలే జనానికి నేర్పాయి. ఆ నేర్చుకున్నదాన్ని ‘మార్కెట్ రీసెర్చ్’ పేరుతో మళ్లీ మాకే తెచ్చి చూపించేవారు.

ఆ తెల్ల జాగాకు తాతగారు 1959 నాటి అమెరికాలో ఉన్నాడు. ఫోక్స్‌వాగన్ బీటిల్ కోసం న్యూయార్క్‌లోని డీడీబీ ఏజెన్సీ చేసిన ‘థింక్ స్మాల్’ ప్రకటన అది. ఆర్ట్ డైరెక్టర్ హెల్మట్ క్రోన్, రాసినవాడు జూలియన్ కోనిగ్. పేజీ నిండా ఖాళీ, ఓ మూలన చిన్న బండి. అప్పటికి డెట్రాయిట్ కార్ల ప్రకటనల్లో ఫొటోల కంటే బొమ్మలకే గిరాకీ. పాంటియాక్ కోసం ఆర్ట్ ఫిట్జ్‌ప్యాట్రిక్, వాన్ కౌఫ్‌మన్ జంట వేసిన బొమ్మల్లో బండి అసలుకంటే వెడల్పుగా, రోడ్డుకు అతుక్కున్నట్టు ఉండేది. చూడముచ్చటగా ఉంటాయి, నాకిప్పటికీ ఇష్టమే. కానీ ఆ బండి ఎలా తయారైందో వాటిని చూస్తే తెలియదు.

మరుసటి ఏడాది వచ్చిన ‘లెమన్’ చూడండి. అమెరికాలో లోపాలున్న బండిని తిట్టే మాట అది. తమ బండి బొమ్మ కింద తామే ఆ తిట్టు వేసుకున్నారు. ఏమిటా అని కింద చదివితే, డ్యాష్‌బోర్డులోని గ్లవ్ బాక్సు మీది క్రోమ్ పట్టీకి చిన్న మచ్చ పడిందని ఆ బండిని పక్కన పెట్టేశారట. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో 3,389 మందికి తనిఖీ చేయడమే పని అని కూడా రాశారు. యుద్ధం ముగిసి 15 ఏళ్లే అయింది. బీటిల్ పుట్టుక హిట్లర్ కాలానిది. అమెరికాలో ఆ పేరుకు మర్యాద ఇంకా పుట్టలేదు. ఆ మర్యాదను ఖాళీ జాగా ఒక్కటే తేలేదు, దాని కింద రాసిన తనిఖీ లెక్క తెచ్చింది. తర్వాత వచ్చిన మా బోటివాళ్లం ఖాళీని కాపీ కొట్టాం, లెక్కను వదిలేశాం.

పేరు ఎంత పని చేస్తుందో తెలియాలంటే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ కథ వినాలి. జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఆ ప్లాంటును, టయోటాతో కలిసి 1984లో ‘నుమ్మీ’ పేరుతో మళ్లీ తెరిచారు. కొన్నేళ్లకు అక్కడ టయోటా కరోలా, జియో ప్రిజమ్ పక్కపక్కనే తయారయ్యాయి. ఒకే కప్పు కింద, అవే చేతులు బిగించిన దాదాపు ఒకే బండి. ఒకదాని మీద జపాన్ పేరు, ఇంకోదాని మీద అమెరికా పేరు. కరోలాకు ధర ఎక్కువ, అమ్మకాలూ ఎక్కువే. సెకండ్ హ్యాండ్‌లో ప్రిజమ్ విలువ తొందరగా పడిపోయేది. అమెరికాలో దిగిన మన తెలుగు కుర్రాళ్లు ఇప్పటికీ క్యామ్రీనో అకార్డో చూసుకుని ‘జపాన్ బండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అంటుంటారు. క్యామ్రీ 1988 నుంచి కెంటకీ రాష్ట్రం జార్జ్‌టౌన్‌లో, అకార్డ్ 1982 నుంచి ఒహాయోలో తయారవుతున్నాయి. బండి మంచిదే, వాళ్ల మాటా తప్పు కాదు. ఆ మంచితనాన్ని ఏ ఊరి ఖాతాలో వేస్తున్నాం అన్నదే ప్రశ్న.

ఇక మన దగ్గరికి వద్దాం. 1998లో నెలల తేడాతో రెండు బండ్లు వచ్చాయి. హ్యుందాయ్ అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. అందుకని శాంట్రో ప్రకటనల్లో, ‘మీరెవరు, మీ బండి నేనెందుకు అమ్మిపెట్టాలి’ అన్న ప్రశ్నను షారుఖ్ ఖాన్ చేతే కొరియా ఆఫీసరును అడిగించారు. కొనేవాడి అనుమానాన్ని ముందే తెర మీదికి తెచ్చి, దానికి జవాబుగా బండిని నిలబెట్టారు. నా లెక్కలో మన దేశంలో వచ్చిన తెలివైన కారు ప్రకటనల్లో అదొకటి. టాటా ఇండికా ‘మోర్ కార్ పర్ కార్’ అంది. పెట్టిన డబ్బుకు ఎక్కువ బండి అన్నమాట. నిజంగానే ఎక్కువ జాగా, డీజిల్ పొదుపు. కానీ ‘ఎంతకు ఎంత’ అని మొదలుపెట్టాక కొనేవాడూ అదే తూకం పట్టుకుంటాడు. మొదటి బండ్లలో ఫిర్యాదులు వస్తే కంపెనీ సరిదిద్ది 2001లో వీ2 తెచ్చింది, అదీ బాగా అమ్ముడైంది. తమాషా ఏమిటంటే, పుణెలో తయారైన ఈ ఇండికానే 2003లో సిటీరోవర్ పేరుతో, బ్రిటిష్ గుర్తు తగిలించుకుని ఇంగ్లండ్‌లో అమ్మకానికి వెళ్లింది. మనూళ్లో ట్యాక్సీ, అక్కడ రోవర్.

నానో కథ అందరికీ తెలిసిందే. లక్ష రూపాయల కారు అన్న పేరు జనానికి ఎంత నచ్చిందో, కొనేటప్పుడు అంత అడ్డొచ్చింది. అత్యంత చవక కారుగా దాన్ని ప్రచారం చేయడం పొరపాటేనని రతన్ టాటా తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు.

షోరూంలో పెద్దవాళ్లు బండిని ఎలా చూస్తారో గమనించండి. తలుపు తీస్తారు, వేస్తారు. మళ్లీ తీసి, చెవి కాస్త అటు పెట్టి వేస్తారు. ‘ధబ్’ మంటే గట్టి బండి, ‘టప్’ మంటే డబ్బా. ఆ చప్పుడు దానంతటది రాదు. తలుపు అంచు రబ్బరు, గొళ్లెం, లోపల అంటించే శబ్దం మింగే షీటు, వీటిని మార్చి మార్చి ఇంజినీర్లు ఆ చప్పుడును పనిగట్టుకుని తయారుచేస్తారు. ఆ తర్వాత వేలి కణుపులతో రేకు మీద కొట్టి చూస్తారు. ‘రేకు పల్చగా ఉందేంటయ్యా’ అని అడిగితే, ‘అందుకే మైలేజీ వస్తుంది సార్’ అంటాడు సేల్స్ కుర్రాడు. ఆ ప్రశ్నా జవాబూ రెండూ గురి తప్పినవే. గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాపాడేది పైరేకు కాదు, లోపలి చట్రం, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు.

2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లను గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్లు. పెద్దల భద్రతలో ఐదింటికీ సున్నా. కొరియా, అమెరికా, జర్మనీ పేర్లేవీ అక్కడ అక్కరకు రాలేదు. ఫోక్స్‌వాగన్ వెంటనే ఎయిర్‌బ్యాగులు లేని పోలోను ఆపేసి, రెండు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేసింది. వాటితో పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. మనం డబ్బు పెట్టి కొనుక్కున్న విదేశీ నమ్మకం ఒక వేరియంట్‌లో ఉంది, ఇంకో వేరియంట్‌లో లేదు. ఏ ప్రకటనా ఆ తేడా చెప్పలేదు. నేను రాసినవీ చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు.

2018 డిసెంబరులో అదే సంస్థ టాటా నెక్సాన్‌కు ఐదు స్టార్లు ఇచ్చింది. మన దేశంలో తయారైన బండికి ఐదు రావడం అదే మొదలు. మా వృత్తిలో దాని ప్రభావం చిత్రంగా కనిపించింది. స్వదేశీ బండి ప్రకటనల్లోంచి తాతయ్యలూ టపాకాయలూ కొంత తగ్గి, ఐదు నక్షత్రాలూ చుట్టూ కాస్త తెలుపూ వచ్చాయి. చెప్పుకోడానికి లెక్క దొరికేసరికి గొంతు తగ్గింది.

ఇప్పుడు పెనుకొండ సంగతి. అక్కడి కియా ప్లాంటులో 2019 నుంచి సెల్టోస్ తయారవుతోంది. ఏడాదికి 3 లక్షల బండ్ల సామర్థ్యంతో మొదలైన ప్లాంటు అది. అయినా అనంతపురంలో అడిగినా అది ‘కొరియా బండి’యే. ఊరి పేరును దాచకుండా చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా కంపెనీ క్రైస్లర్ 2011లో సూపర్ బౌల్ ఆట మధ్య రెండు నిమిషాల ప్రకటన వేసింది. ర్యాపర్ ఎమినెమ్ బండి నడుపుతూ తన ఊరు తిరుగుతాడు, చివర్లో ‘ఇంపోర్టెడ్ ఫ్రమ్ డెట్రాయిట్’ అని పడుతుంది. ఆ బండి కంపెనీ పాత మోడల్ సెబ్రింగ్‌కు మెరుగులు దిద్ది పేరు మార్చిందే. అయినా ఊరి పేరే సర్టిఫికెట్‌గా చూపించారు, జనం ఒళ్లు జలదరించింది. పెనుకొండకేం తక్కువ? 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది అక్కడికే. పేజీ అంతా తెల్లగా వదిలి, నడుమ బండి పెట్టి, కింద ఆ ఒక్క ఊరి పేరు వేస్తే చాలు. ఏజెన్సీలో ఓసారి ఈ మాట అంటే, మా క్లయింట్ సర్వీసింగ్ కుర్రాడు నవ్వి, ‘ఊరి పేరు వేస్తే రేటు తగ్గించమంటారు గురువుగారూ’ అన్నాడు. వాడి మాట కొట్టిపారేయలేకపోయాను.