సంకరుడు దుష్టుడేనా?

విజ్ఞాన కల్పనాకథలలో అసంభవమైన విషయాలు ఉండడం దోషం కాదు. ఒక్క అసంభవాన్ని ఒప్పుకొని, ఆ పైన జరిగేదంతా హేతుబద్ధంగా నడిపించినట్లయితే అట్టి కథ చదివేవారికి ఆలోచన నేర్పుతుంది. ఐతే కొన్ని కథలలో పైకి కనిపించే అసంభవం కంటే లోపల దాగిన అపోహ ఎక్కువ హాని చేస్తుంది. అమెరికాలో మార్వెల్ సంస్థ ప్రచురించిన ‘రోమ్’ అనే చిత్రకథలోని ‘హైబ్రిడ్’ అనే ప్రతినాయకుడు ఇందుకు తగిన ఉదాహరణ.

పార్కర్ బ్రదర్స్ అనే సంస్థ 1979లో అమ్మకానికి తెచ్చిన ఒక ఆటబొమ్మ ఆధారంగా ఈ చిత్రకథ పుట్టినది. 1979 నుండి 1986 వరకు 75 సంచికలు వెలువడినవి. కథ బిల్ మాంట్లో రాయగా, చాలా సంచికలకు బొమ్మలు గీసినవాడు సాల్ బుసేమా. గలడార్ అనే గ్రహానికి చెందిన రోమ్ లోహకవచం ధరించిన వీరుడు. అతని శత్రువులు డైర్ రేత్‌లు. వారు కామరూపులు. మనుషుల రూపం దాల్చి మనుషుల మధ్యనే తిరుగుతూ ఉంటారు. రోమ్ చేతిలోని ఒక పరికరం వారి నిజరూపాన్ని బయటపెడుతుంది. 1981లో వచ్చిన 17వ సంచికలో హైబ్రిడ్ మొదటిసారి కనిపిస్తాడు. అతని తండ్రి మానవరూపంలో సంసారం సాగించిన ఒక రేత్. తల్లి మానవ స్త్రీ. పైకి జిమ్మీ మార్క్స్ అనే మామూలు బాలుడు. లోపల మాత్రం తల్లిదండ్రులిద్దరికంటే భయంకరుడు. అదే కథలో ఎక్స్‌మెన్ అనే వీరుల బృందం కూడా అతని బాలరూపాన్ని చూసి మోసపోతుంది.

కథనంలో బలం లేకపోలేదు. అమాయకమైన ముఖం వెనుక ప్రమాదం పొంచి ఉండడం, తన బిడ్డను చూసి తానే భయపడవలసిన తల్లి దుస్థితి పాఠకుని పట్టి నిలుపుతాయి. కంటికి కనిపించే రూపాన్ని నమ్మక, పరికరంతో పరీక్షించి చూడడమనే భావం విజ్ఞానశాస్త్ర పద్ధతికి దగ్గరైనదే. ఈ గుణాలను ఒప్పుకొన్న తరువాతనే కథలోని శాస్త్రాన్ని పరీక్షించడం న్యాయం.

మొదటిది రూపం మార్చడం. బాలుని బరువు 40 కిలోలు, వికృతరూపం బరువు 100 కిలోలు అనుకొందాం. అదనంగా వచ్చిన 60 కిలోల పదార్థం ఎక్కడిది? ద్రవ్యం శూన్యం నుండి పుట్టదు. శక్తిని ద్రవ్యంగా మార్చాడని సమాధానం చెప్పినట్లయితే, ఐన్‌స్టైన్ సూత్రం ప్రకారం లెక్క కట్టి చూడవచ్చును. 60 కిలోలకు కావలసిన శక్తి, 1945లో హిరోషిమాపై వేసిన అణుబాంబు విడుదల చేసిన శక్తికి 80,000 రెట్లకు పైగా ఉంటుంది. తిరిగి బాలుడు కావాలంటే అంత శక్తినీ ఎక్కడో వదలిపెట్టాలి. వదలిపెట్టిన చోట ఊరు మిగలదు.

ప్రకృతిలో రూపం మార్చే జీవులు లేకపోలేదు. ఆక్టోపస్ చర్మంలో రంగుల సంచుల వంటి కణాలు ఉన్నవి. కండరాలు వాటిని సాగదీసినప్పుడు, వదలినప్పుడు క్షణంలో శరీరం రంగు మారుతుంది. రంగు మారినా బరువు మారదు. గొంగళిపురుగు సీతాకోకచిలుక కావడం ఇంతకంటే పెద్ద మార్పు. ప్యూపా దశలో పాత కణజాలంలో చాలా భాగం కరిగి, కొత్త అవయవాలు ఏర్పడతాయి. ఇందుకు సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. ఆ కాలంలో జీవి ఆహారం తీసుకోదు కావున బరువు కొంత తగ్గుతుందే గాని పెరగదు.

రెండవది సంకర జననం. గుర్రం కణంలో 64 క్రోమోసోములు, గాడిద కణంలో 62 ఉన్నవి. ఇవి దగ్గరి చుట్టాలు కనుకనే వాటికి కంచరగాడిద పుడుతున్నది. దాని కణంలో 63 ఉంటాయి. బేసి సంఖ్య కావడం వలన, రెండు పక్షాల క్రోమోసోములు సరిగా జతకూడకపోవడం వలన బీజకణాలు సక్రమంగా ఏర్పడవు. అందుచేత కంచరగాడిద దాదాపు ఎప్పుడూ గొడ్డుగానే మిగులుతుంది. ఇంత దగ్గరి చుట్టరికంలోనే ఇన్ని చిక్కులు ఉన్నప్పుడు, వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహంపై స్వతంత్రంగా పరిణమించిన జీవి మాట చెప్పేదేమున్నది? భూమిపై ఉన్న జీవులన్నీ డి.ఎన్.ఏ.ను, ఇంచుమించు ఒకే జన్యుభాషను వాడుకొంటున్నవి. ఆ లెక్కన మనిషికి రేత్ కంటే అరటిచెట్టే దగ్గరి బంధువు. అరటిచెట్టుతో సాధ్యం కానిది రేత్‌తో సాధ్యం కాదు.

ఈ రెండు దోషాలనూ కల్పన పేరిట క్షమించవచ్చును. క్షమించరానిది మూడవది. హైబ్రిడ్ దుష్టుడు కావడానికి కారణం అతని సంకర జన్మమే అన్నట్లు కథ నడుస్తుంది. ప్రతినాయకునికి పెట్టిన పేరే సంకరుడు. అతడు చేసిన పనిని బట్టి గాక, పుట్టిన పుట్టుకను బట్టి పేరు పెట్టడంలోనే తీర్పు ఇమిడి ఉన్నది. ఈ తీర్పు తర్కానికి కూడా నిలవదు. దుష్టత్వం రేత్ రక్తంలో ఉన్నట్లయితే, పూర్తి రేత్ అయిన తండ్రి కంటే సగం రేత్ అయిన కొడుకు ఎక్కువ దుష్టుడు ఎట్లా అయినాడు? సగం రక్తం అనే భావమే పాతబడినది. వారసత్వం రెండు ద్రవాలు కలిసినట్లు కలవదనీ, లక్షణాలు విడివిడి అంశాలుగా సంక్రమిస్తాయనీ మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన ప్రయోగాలతో 1866లోనే ప్రకటించాడు. ఆ అంశాలనే ఈనాడు జన్యువులు అంటున్నాము. కంటి రంగుపై, రక్తవర్గంపై వాటి ప్రభావాన్ని శాస్త్రం చూపింది. స్వభావంపైన కూడా జన్యువులకు కొంత పాత్ర ఉన్నది. కాని అది పెంపకంతో, పరిసరాలతో పెనవేసుకొని పనిచేస్తుంది. దుర్మార్గానికి ఒక జన్యువు అంటూ లేదు.

సంకరం చెడ్డదనే మాటకు పొలాలు కూడా సాక్ష్యం చెప్పవు. మన దేశంలో 1970లో విడుదలైన ‘హెచ్-4’ సంకర పత్తి, సంకర విత్తనాల వ్యవసాయంలో ఒక మైలురాయి. రెండు వేరు రకాలను కలిపినప్పుడు పుట్టిన మొక్క తరచు రెండింటికంటే బలంగా ఉండడాన్ని సంకరతేజం అంటారు.

మనిషి సంగతీ ఇంతే. నియాండర్తల్ మానవుని జన్యుపటాన్ని స్వాంతే పేబో బృందం 2010లో ప్రకటించినది. ఈ రంగంలో కృషికి ఆయనకు 2022లో నోబెల్ బహుమతి లభించినది. ఆఫ్రికాకు వెలుపలి ప్రజలలో సుమారు 1 నుండి 2 శాతం జన్యువారసత్వం ఆ ప్రాచీన మానవుల నుండి వచ్చినదే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ మొదలైనవారితో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, భారతదేశంలోని దాదాపు అన్ని జనసమూహాలూ రెండు ప్రాచీన జనవర్గాల కలయిక వలన ఏర్పడినవే. కులమేదైనా, ప్రాంతమేదైనా ఈ మాట వర్తిస్తుంది. ఈ అర్థంలో చూస్తే కథను చదివే బాలుడూ సంకరుడే, అతని పక్కన కూర్చొన్నవాడూ సంకరుడే.

కల్పనకు వేరే దారి లేదా అంటే, ఉన్నదని మన భారతకథే చెబుతున్నది. ఘటోత్కచుని తండ్రి మానవుడు, తల్లి రాక్షసి. అతడూ మాయావే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చలనచిత్రంలో అతడు శశిరేఖ రూపం దాల్చి చేసిన చేష్టలు తెలుగువారు ఎరుగనివి కావు. సగం రాక్షసుడైన ఆ కొడుకు తండ్రి పక్షాన పోరాడి ప్రాణమిచ్చాడు. హైబ్రిడ్ పుట్టుకా, ఘటోత్కచుని పుట్టుకా ఒకే తీరువి. ఒకడు ప్రతినాయకుడు, మరొకడు వీరుడు కావడం కథకులు ఎన్నుకొన్నదే గాని జీవశాస్త్రం నిర్ణయించినది కాదు.

వర్ణసంకరం అనే మాటను పూర్వులు నిందగా వాడారు. ఈనాటికీ తల్లిదండ్రులు వేరువేరు కులాలవారో మతాలవారో అయిన పిల్లలు తరగతి గదిలో ఎత్తిపొడుపు మాటలు పడుతూనే ఉన్నారు. అట్టి బిడ్డ చేతికి ఈ చిత్రకథ చిక్కినప్పుడు, అందులోని దయ్యపురూపం కంటే ఆ పేరే ఎక్కువ గుచ్చుకొంటుంది. కావున ఇట్టి పుస్తకాలను విద్యార్థుల చేతినుండి లాక్కోవడం కంటే, వాటినే పాఠానికి వాడుకోవడం మేలు. అదనపు బరువు ఎక్కడినుండి వచ్చినదో లెక్క కట్టమని, కంచరగాడిద ఎందుకు గొడ్డో చెప్పమని, హైబ్రిడ్ చేసిన చెడ్డపనులలో ఏది అతని పుట్టుక వలన జరిగినదో చూపమని ఉపాధ్యాయులు అడగవచ్చును. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి. మూడవదానికి చిత్రకథ పుటలన్నీ వెదికి చూడవలసిందే.