ఒంట్లో మూడు పెట్టెలు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం వారి దగ్గర ఒక డ్రాయింగ్ ఉంది. చూడగానే ఈమధ్య ఎవరో కంప్యూటర్ మీద వేసిందేమో అనిపిస్తుంది. గోధుమరంగు ఇంకుతో గీసిన మనుషుల గుంపు. తలలు చదరపు దిమ్మెలు, ఛాతీలు డబ్బాలు, కాళ్లూ చేతులూ పలకలు తేలిన దుంగలు. ఒక్కరికీ కన్నూ ముక్కూ తీర్చలేదు. అయినా ఎవరు ఎటు తిరిగారో, ఎవరి బరువు ఏ కాలి మీద ఉందో ఇట్టే తెలిసిపోతుంది. వేసినవాడు జెనోవా చిత్రకారుడు లూకా కాంబియాసో (1527–1585). క్యూబిజం పుట్టడానికి మూడు వందల ఏళ్ల పైచిలుకు ముందటి మనిషి.

ఆయనకిది సరదా కాదు, వృత్తి అవసరం. గోడలకూ పైకప్పులకూ ఫ్రెస్కోలు వేసేవాడు. స్పెయిన్ రాజు పిలిస్తే వెళ్లి ఎస్కోరియల్ చర్చి కప్పు మీదా వేశాడు, అక్కడే పోయాడు. కప్పు మీది బొమ్మను జనం కింది నుంచి మెడలెత్తి చూస్తారు. గడ్డం అడుగుభాగం కనిపించాలి, నుదురు కురచ కావాలి. అలా చూసి గీసుకోవడానికి మోడల్‌ను గాల్లో వేలాడదీయలేం కదా! డబ్బా అయితే మనసులో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కాంబియాసో కంటే ముందే జర్మనీలో చిత్రకారుడు డ్యూరర్ ఈ దారి తొక్కాడు. 1528లో, డ్యూరర్ పోయిన కొన్ని నెలలకు అచ్చయిన మానవ శరీర కొలతల గ్రంథం నాలుగో భాగంలో కదిలే ఒంటిని దిమ్మెలుగా విడగొట్టి చూపాడు.

మన శిల్పుల తాళమానం వేరే సంగతి. ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు (ఇంచీలు కావు, ముఖంలో పన్నెండో వంతులు). నవతాళ విగ్రహం 108 అంగుళాలు. ఏ భాగం ఎంత పొడవుండాలో తాళమానం చెబుతుంది, ఎటు తిరిగి ఉందో పెట్టె చెబుతుంది. బొమ్మలు నేర్చుకునేవాళ్లు చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నారని నా అభిప్రాయం. మనిషి ఎత్తు తలకు ఏడున్నర రెట్లని బట్టీ పట్టి, నిటారుగా నిలబడ్డవాణ్ని చక్కగానే వేస్తారు. అదే మనిషిని అరుగు మీద కూర్చోబెట్టమంటే చెయ్యి ఆడదు.

ఈ పెట్టెల పద్ధతిని పాఠంగా తీర్చినవాళ్లలో నాకు నచ్చేది జార్జ్ బ్రిడ్జ్‌మన్ (1864–1943). న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో ఏళ్ల తరబడి అనాటమీ చెప్పాడు. చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ ఆయన శిష్యుడే. 1920లో వచ్చిన 'కన్‌స్ట్రక్టివ్ అనాటమీ'లో ఆయన పట్టిన కీలకం ఒక్కటే: తల, పక్కటెముకల గూడు, కటి. ఈ మూడు పెట్టెలూ తమంతట తాము వంగవు. వంగేవి వాటి మధ్యనున్న మెడా, నడుమే.

ఇది అర్థం కావాలంటే మన శిల్పాల్లో మూడు వంపులతో నిలబడే త్రిభంగినే చూడండి. బరువు మోసే కాలివైపు తుంటి పైకి లేస్తుంది, కటి పెట్టె రెండో వైపుకి ఒరుగుతుంది. ఛాతీ పెట్టె దానికి ఎదురు ఒరుగుతుంది కాబట్టి బరువు మోసే వైపు భుజం కిందికి దిగుతుంది. తల మళ్లీ ఇంకో వాలు. బరువు మోసే పక్క నడుము నొక్కుకుని ముడత పడుతుంది, రెండో పక్క చర్మం సాగుతుంది. చీర మడతలు కూడా ఆ నొక్కు దగ్గరి నుంచే బయలుదేరతాయి. ఇవేవీ తెలియకుండా వంపులు మాత్రం గీస్తే బొమ్మ నిలబడదు, పడిపోతున్నట్టుంటుంది.

గుడ్డు ఆకారాలతో వేయకూడదా అంటే వేయొచ్చు. కాకపోతే గుడ్డుకి మూల లేదు. ముందువైపు ఎక్కడ అయిపోయి పక్కభాగం ఎక్కడ మొదలైందో మూలే చెప్పాలి. వెలుగునీడలకూ అదే ఆధారం: పైభాగం తెల్లగా వదిలేసి, ముందుభాగానికి లేత నీడ, పక్కకి ముదురు నీడ వేస్తే చాలు, ఒంటికి మందం వచ్చేస్తుంది. కంటిమట్టం సంగతీ పెట్టెతోనే తేలుతుంది. ఎదురుగా నిలబడ్డవాడి కటి మన కంటికి కింద ఉంటుంది, కాబట్టి ఆ పెట్టె పైమూత మనకు కనిపిస్తుంది. పంచె కట్టిన నడుము గీత ముందువైపు కాస్త కిందికి వంగాలి. కొత్తవాళ్లు స్కేలు పెట్టినట్టు అడ్డంగా గీసేస్తారు, మనిషి అట్టముక్కలా తయారవుతాడు.

లోపాలు లేవా? ఉన్నాయి. పెట్టెలతోనే మొదలుపెడితే మరమనుషులు పుట్టుకొస్తారు. ముందు తల నుంచి పాదం దాకా ఒంటి ఊపుని ఒక్క గీతలో పట్టుకుని, ఆ గీత మీద పెట్టెలు కూర్చాలి. చేతులు పైకెత్తిన మనిషి దగ్గర ఛాతీ పెట్టె అబద్ధం చెబుతుంది కూడా, ఎందుకంటే భుజపుటెముకలు పక్కటెముకల మీద జారతాయి. అక్కడ అనాటమీ చదవక తప్పదు.

నేర్చుకోదలిస్తే ఒక అగ్గిపెట్టె తీసుకుని, ముందువైపు నడిమధ్య నిలువు గీత గీయండి. కంటికి పైన, కింద, పక్కన పెట్టి వేయండి. చెయ్యి తిరిగాక పేపర్లో క్రికెట్ ఫోటో చూసుకుని, డైవ్ కొట్టే ఫీల్డర్ మీద పెన్నుతో మూడు పెట్టెలూ గీయండి. తలతో కాదు, కటితో మొదలుపెట్టండి. అది ఎటు ఒరిగిందో తేలితే మిగతా రెండూ సులువు.