సంతకం ఎవరిది?

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టాన్ని ఒక కథ చదివినట్టు చదివాను. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం రాసిన చట్టమది. తల్లిదండ్రులో బంధువులో తమకు నచ్చిన మనిషిని సంరక్షకుడిగా పెట్టమని అడగొచ్చు (సెక్షన్ 14). రిజిస్టరైన సంస్థా అడగొచ్చు. ఆ సంరక్షకుడు హింసించినా, ఆస్తి కాజేసినా తొలగించమని అడగాల్సింది కూడా వాళ్ళే (సెక్షన్ 17). ఎవరి బతుకు గురించి ఇదంతా రాశారో ఆ మనిషికి మాత్రం ఈ రెండు చోట్లా మాట లేదు.

నేను సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన, నలభై దాటిన స్త్రీని. తడబడేది నా మాట, ఆలోచన కాదు. కృష్ణా డెల్టాలో పెరిగినదాన్ని కనుక ఆ మౌనం వెనక మాగాణి కనిపిస్తుంది. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 28 ప్రకారం వైకల్యం వల్ల వాటా పోదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళ హక్కును మన రాష్ట్రం 1986లోనే గుర్తించింది. వాటా కాదనలేనప్పుడు కావలసింది సంతకమే. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, అన్నయ్య చూసుకుంటాడుగా" అంటారు. అందులో ప్రేమ లేదనను. కానీ ఆ మాటే చెప్పి వితంతువుల చేత, ఆడపడుచుల చేత వేలిముద్రలు వేయించుకున్న ఇళ్ళు మనకు కొత్తవా?

పొలం దగ్గరే ఆగదు ఇది. చండీగఢ్‌లో ప్రభుత్వ సంస్థలో ఉంటూ అత్యాచారానికి గురై గర్భవతైన, మేధో వైకల్యం ఉన్న ఒక యువతికి గర్భస్రావం చేయించమని హైకోర్టు చెప్పింది. ఆమె బిడ్డను కంటానంది. 2009లో సుప్రీంకోర్టు ఆమె మాటే నిలబెట్టింది. మంచి కోరడం వేరు, ఇష్టం అడగడం వేరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆ తేడాను కొంత పట్టుకుంది. ముందు తగిన సాయం అందించాలి. అది చాలకపోతేనే పరిమిత సంరక్షణ. అదీ ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టప్రకారం. పాత చట్టాల కింద వచ్చిన సంరక్షకులూ ఈ పరిమితికి లోబడాల్సిందే. నియామకం నచ్చకపోతే అప్పీలు చేసే హక్కు ఆ మనిషికే ఉంది. అయితే ఆ సెక్షన్ 14లోనే 'సంపూర్ణ సాయం' అనే దొడ్డిదారి కూడా తెరిచి ఉంచారు. పాత చట్టమూ రద్దు కాలేదు. జిల్లా కమిటీలో కలెక్టర్ పక్కన ఒక వికలాంగ వ్యక్తికి కుర్చీ వేసిన ఆ చట్టం, దరఖాస్తులో మనకు సంతకం మాత్రం ఇవ్వలేదు.

మా ఇంట్లో దరఖాస్తు మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. ఏ పని కోసం? ఎంతకాలం? ఇంతకుముందు నాకు ఏ సాయం చేసి చూశారు? మొదటిది పాత చట్టం కూడా కమిటీని చూడమన్నదే. మిగతా రెండూ కొత్త చట్టంలోవి. విజయవాడలోనైనా, బందరులోనైనా ఇలాంటి దరఖాస్తు ఎదుర్కొనే ప్రతి స్త్రీ వీటిని అడగాలి. నోటితో చెప్పలేకపోతే రాసి, రాయలేకపోతే సైగ చేసి. మన సైగను అర్థం చేసుకోవడం వాళ్ళ పని.