పఠన దినచర్య: 'అన్నీ ఒకటే' అనే ముందు

ఉద్దేశం

ఆధ్యాత్మికత, అస్తిత్వం, భిన్నత్వం అనే మూడు అంశాలపై చదివే రచనలకు సొంత పఠన దినచర్యను ఎలా రాసుకోవాలో ఈ పాఠ్యభాగం చర్చిస్తుంది. దీన్ని చదివిన తరవాత మీరు మొదటి స్పందనకూ విమర్శకూ తేడా గుర్తించగలుగుతారు. ఒక రచన ఎవరిని కలుపుకుంటుందో, ఎవరిని వెలుపల ఉంచుతుందో ఆధారాలతో చెప్పగలుగుతారు.

1. ప్రస్తావన

తెలుగు సాహిత్య చరిత్ర పాఠాల్లో భక్తి సాహిత్యం ఒకచోట, అస్తిత్వవాద సాహిత్యం మరొకచోట కనిపిస్తాయి. మొదటిది ప్రాచీన, మధ్యయుగాల అధ్యాయాల్లో ఉంటుంది. రెండోది 1980ల తరవాతి స్త్రీవాద, దళిత, ముస్లింవాద కవిత్వాల అధ్యాయాల్లో ఉంటుంది. పరీక్షకు చదివేవారు వీటిని సంబంధం లేని రెండు విషయాలుగా గుర్తుపెట్టుకుంటారు. కాని దేవుడి ముందు నిలబడే మనిషికి కులం, భాష, ఊరు, లింగం ఉంటాయి. ఆ మనిషిని లోపలికి రానిచ్చారా, గడప బయటే ఉంచారా అనేది భక్తికి సంబంధించిన ప్రశ్న. అది అస్తిత్వానికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఈ రెండు అధ్యాయాలనూ ఒకేచోట పెట్టి చూసుకోవడానికి పఠన దినచర్య మంచి సాధనం. అయితే విద్యార్థులు రాసే దినచర్యల్లో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది: 'ఏ మతమైనా, ఏ కవి అయినా చెప్పేది ఒక్కటే, అందరూ సమానమే.' ఈ మాట వెనుక ఉన్న మంచి ఉద్దేశాన్ని కాదనలేం. కాని అది రాయగానే చదవడం ఆగిపోతుంది. మూడు వేర్వేరు రచనలు చదివి ఒకే వాక్యం రాస్తే, వాటి మధ్య ఉన్న తేడా మన నోటుపుస్తకంలోకి రాలేదని అర్థం. తేడాలను ముందు రాయాలి, ఏకత్వం ఉంటే తరవాత తేలుతుంది అనేది ఈ పాఠ్యభాగం చేసే వాదన.

2. జహీరాబాద్ చదువరి

ఈ వాదనకు జహీరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. అంతకుముందు, 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగే వరకు, జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. ఒకే ప్రాంతం రెండు తరాల్లో మూడు జిల్లాల పేర్లు చూసింది. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం వినిపిస్తాయి, మరాఠీ కూడా దూరం కాదు. ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరాలయానికి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి భక్తులు వస్తారు.

ఇలాంటి చోట ఒక కథ ఏ భాషలో మన దగ్గరికి చేరిందన్నది చిన్న విషయం కాదు. అందువల్ల దినచర్యలో రచన పేరు పక్కనే 'ఇది నాకు ఏ భాషలో, ఎవరి ద్వారా చేరింది?' అనే గడి ఉండాలి. అచ్చు పుస్తకంలో చదివినదానికీ, అవ్వ చెప్పగా విన్నదానికీ, ఫోనులో ప్రవచనంగా విన్నదానికీ మనమిచ్చే నమ్మకం ఒకే రకంగా ఉండదు. ఆ తేడాను రాసిపెట్టుకుంటేనే పరిశీలించగలం.

3. బసవపురాణం: సమానత్వం, దాని సరిహద్దు

జహీరాబాద్ నుంచి సోలాపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారికి దగ్గరలోనే బసవకల్యాణ్ ఉంది. 12వ శతాబ్దంలో బిజ్జలుడి కొలువులో మంత్రిగా ఉన్న బసవేశ్వరుడి కార్యక్షేత్రం అదే. ఆయన జీవితాన్ని, శివభక్తుల కథలను కలిపి కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తెలుగులో ద్విపద కావ్యంగా రాశాడు. అదే బసవపురాణం. సంస్కృత సమాసాల బరువు లేని జాను తెనుగును, పాడుకోవడానికి వీలైన ద్విపదను ఆయన కావాలనే ఎంచుకున్నాడు. 1369లో భీమకవి ఈ కావ్యాన్ని కన్నడంలోకి తీసుకువెళ్లాడు. కన్నడ నేల మీద పుట్టిన భక్తుడి కథ తెలుగులో పురాణమై, మళ్లీ కన్నడానికి చేరింది. సరిహద్దు ప్రాంతపు చదువరికి ఈ ఒక్క వివరమే దినచర్యలో ఒక పుట రాసేంత విషయం.

ఈ కావ్యంలో వేటగాడు కన్నప్ప, చాకలి మడివాలు మాచయ్య, అంటరాని కులానికి చెందిన మాదర చెన్నయ్య గొప్ప భక్తులుగా కనిపిస్తారు. చెన్నయ్య ఇంటి అంబలిని శివుడు ఇష్టంగా ఆరగిస్తాడు. శివుడికి తల్లి లేదే అని బాధపడి బెజ్జ మహాదేవి తానే తల్లి అవుతుంది. కులం, లింగం అడ్డుపడని భక్తి ఇది. తొలిసారి చదివే విద్యార్థి 'సమానత్వాన్ని చాటిన కావ్యం' అని రాసుకోవడం సహజం. ఆ మాట తప్పు కాదు.

కాని అదే కావ్యంలో ఏకాంత రామయ్య కథ కూడా ఉంది. జైనులతో పందెం కాసి ఆయన తన తల తానే నరుక్కుంటాడు. తల తిరిగి అతుక్కున్నాక జైన బసది ధ్వంసమవుతుంది. శివభక్తుడు కానివాడి పట్ల కావ్యం చూపే కోపం ఇలాంటి కథల్లో బయటపడుతుంది. అంటే ఈ రచనలో సమానత్వం ఉంది, అది భక్తుల మధ్య సమానత్వం. కులాల మధ్య గోడను తీసేసిన కావ్యమే మతాల మధ్య గోడను ఎత్తుగా కట్టింది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసుకోగలిగినప్పుడు విమర్శ మొదలవుతుంది. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని రాస్తే అది పొగడ్తో, తెగడ్తో అవుతుంది.

4. గబ్బిలం: భక్తిలో ఫిర్యాదు

గుర్రం జాషువా (1895–1971) 'గబ్బిలం' తొలిభాగం 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘం ద్వారా ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో అంటరానివాడిగా ముద్రపడిన పేదవాడు గబ్బిలం ద్వారా శివుడికి కబురు పంపుతాడు. అశుభమని లోకం తరిమే గబ్బిలం గుడిలోపల వేలాడగలదు. ఆ మనిషికి మాత్రం గుడిలోకి ప్రవేశం లేదు. పూజారి దగ్గరలేని సమయం చూసి తన బాధను స్వామి చెవిన వేయమని అతడు గబ్బిలాన్ని వేడుకుంటాడు. కర్మ ఫలమనే జవాబును ఒప్పుకోడు.

ఈ కావ్యాన్ని 'దళిత కవిత్వం' అనే గడిలో మాత్రమే రాసుకుంటే సగం పోతుంది. ఫిర్యాదు వెళ్లేది దేవుడికే. నమ్మకం లేనివాడు ఫిర్యాదు చేయడు. దీన్ని 'భక్తి కావ్యం' అని రాసుకుంటే మిగతా సగం పోతుంది. ఇక్కడ దేవుడు నిలదీతకు గురవుతున్నాడు. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. 1964లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన కావ్యం 'క్రీస్తు చరిత్ర'. అలాంటి కవి శివుడికి సందేశం పంపడాన్ని ఏ ఒక్క మతం పేరుతోనూ వివరించలేం. చెన్నయ్య కథను, ఈ కావ్యాన్ని దినచర్యలో ఎదురెదురు పుటల్లో రాసి చూడండి. ఒకచోట శివుడే చెన్నయ్య ఇంటి అంబలి ఆరగించాడు. మరొకచోట శివుడి చెవికి చేరడానికి కూడా మనిషికి దారి లేదు. ఇద్దరు కవుల మధ్య గడిచిన శతాబ్దాల్లో ఏం మారింది, ఏం మారలేదు అనేది మీరు రాయవలసిన ప్రశ్న.

5. పుట్టుమచ్చ: ఏకత్వానికి ఎవరు వెల చెల్లించారు?

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చిన దీర్ఘకవిత. తెలుగులో ముస్లింవాద కవిత్వానికి ఇది తొలి బలమైన గొంతుగా గుర్తింపు పొందింది. తరవాత 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' సంకలనం వెలువడింది. పుట్టుమచ్చ మనిషి కోరుకుని తెచ్చుకునేది కాదు, చెరుపుకుంటే పోయేదీ కాదు. తాను చేయని నేరానికి, తాను పుట్టకముందు జరిగిన విభజనకు జవాబు చెప్పమని ఒక పౌరుణ్ని పుట్టుకతోనే నిలదీయడాన్ని ఈ కవిత ప్రశ్నిస్తుంది.

ఇందులో ప్రార్థన, దైవం ప్రధానం కావు. మరి ఆధ్యాత్మికత మీద రాసే దినచర్యలో దీనికి చోటెందుకు? మతం మనిషి లోపలి విశ్వాసంగా ఉండటం వేరు, బయటివాళ్లు అతనికి అంటించే గుర్తుగా మారడం వేరు. బసవపురాణంలో భక్తుడు తన గుర్తును గర్వంగా ధరిస్తాడు. ఇక్కడ గుర్తును ఇతరులు అంటిస్తారు. 'అందరం ఒకటే' అనే మాటను రుజువు చేసుకోవలసిన బరువు కొందరి మీదే ఎందుకు పడుతుందని ఈ కవిత అడుగుతుంది. ఆ ప్రశ్న విన్న తరవాత, ప్రస్తావనలో చూసిన 'అందరూ సమానమే' అనే వాక్యాన్ని అంత తేలికగా రాయలేం.

6. పుస్తకంలో లేని పాఠం

జహీరాబాద్ పరిసరాల్లో పుస్తకాల వెలుపల కూడా చదవవలసినవి ఉన్నాయి. 1980ల నుంచి ఇక్కడ పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా సంక్రాంతి నుంచి సుమారు నెలరోజులు పాత పంటల జాతర జరుపుతాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది వంటి విత్తనాలు పాటలతో, డప్పులతో ఊరూరా తిరుగుతాయి. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో మొదలైన సంగం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు. అక్కడ వినిపించేది ఈ ప్రాంతపు పల్లె తెలుగు.

విత్తనాల ఊరేగింపుకు వాళ్లు 'ప్రదర్శన' అని పేరు పెట్టుకోలేదు, 'జాతర' అన్నారు. దేవతకు చేసే మర్యాదను విత్తుకు చేశారు. పంటల వైవిధ్యం, మనుషుల అస్తిత్వం, పవిత్రత అనే భావం మూడూ ఆ ఒక్క మాటలో కలిశాయి. దీన్ని కూడా రచనలాగే చదవండి. అవే ప్రశ్నలు అడగండి: ఈ జాతర ఎవరిని ముందు నడిపిస్తోంది? ఎవరు చూస్తూ నిలబడ్డారు? అన్ని మతాల ఇళ్లూ ఇందులో తమను చూసుకుంటున్నాయా? మనకు నచ్చిన దాన్ని ప్రశ్నించకుండా వదిలేస్తే, నచ్చనిదాన్ని ప్రశ్నించే అర్హత తగ్గుతుంది.

7. నమోదు చేసే విధానం

ప్రతి రచనకూ ఎడమ పుట, కుడి పుట కేటాయించండి. ఎడమ పుటలో తేదీ వేసి మొదటి స్పందన రాయండి. తరవాత దాన్ని కొట్టివేయవద్దు, దిద్దవద్దు. కనీసం రెండు వారాల తరవాత అదే భాగాన్ని మళ్లీ చదివి కుడి పుట నింపండి. ఊహించి రాసిన ఒక నమూనా చూడండి.

ఎడమ పుట: 'బెజ్జ మహాదేవి కథ. అచ్చు పుస్తకం, తెలుగు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. తల్లి లేనందువల్లే శివుడు బూడిద పూసుకున్నాడనీ, విషం తాగాడనీ ఆమె అనుకోవడం బాగుంది. భక్తి అంటే ఇదే.'

కుడి పుట: 'ఈ కథ భక్తురాలికి దేవుణ్ని మందలించే చనువు ఇచ్చింది. కాని ఆ చనువు తల్లి స్థానం నుంచి వచ్చింది. తల్లి కావాలనుకోని స్త్రీకి కూడా ఇంత చోటు దొరుకుతుందా? నేను ఏడ్చింది కథకా, మా అమ్మ గుర్తొచ్చినందుకా?'

ఎడమ పుటలో అభిమానం ఉంది. కుడి పుటలో అభిమానం పోలేదు, దానికి ప్రశ్న తోడైంది. చివరి ప్రశ్న చదువరి తనతో తెచ్చుకున్నదాన్ని పట్టుకుంది. రెగ్యులర్ కళాశాలలో పక్క బెంచీ మిత్రుడు ఈ ప్రశ్న అడుగుతాడు. దూరవిద్యలో పని ముగించుకుని రాత్రి ఒంటరిగా చదివేవారికి ఎదురుచెప్పే మనిషి దొరకడు. రెండు వారాల కిందటి తన రాతే ఆ మిత్రుడి స్థానంలో నిలుస్తుంది.

8. రెండు హెచ్చరికలు

మొదటిది, దినచర్య విశ్వాస పరీక్ష కాదు. మీరు ఆస్తికులా, నాస్తికులా, ఏ కులం, ఏ మతం అనేది అధ్యయన కేంద్రంలో ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు. అసైన్‌మెంటుకు దినచర్య నుంచి ఏ భాగం ఎత్తి రాయాలో మీరే నిర్ణయించుకోండి. మూల్యాంకనానికి వచ్చేది మీ చదివే పద్ధతి మాత్రమే.

రెండోది, ప్రశ్నించడమే పనిగా పెట్టుకుంటే రచన వినిపించదు. సోమనాథుడి ద్విపదను గట్టిగా చదివి, దాని నడక చెవిన పడ్డాకే దాని సరిహద్దుల గురించి రాయండి. కవిత్వంగా అందని రచన మీద చేసే విమర్శ దాని కథాసారాంశం మీద చేసే విమర్శగానే మిగులుతుంది.

9. సారాంశం

బసవపురాణం కులానికి తలుపు తెరిచి పరమతానికి మూసింది. గబ్బిలం మూసిన తలుపు ముందు నిలబడి లోపలున్న దేవుణ్ని పిలిచింది. పుట్టుమచ్చ తలుపు దగ్గర అడిగే గుర్తింపు చీటీనే ప్రశ్నించింది. ఈ మూడింటినీ 'అన్నీ ఒకటే' అని కలిపేస్తే మూడూ పోతాయి. తేదీలతో, తేడాలతో రాసుకున్న దినచర్య మూడింటినీ నిలుపుతుంది. చదివినవారు ఎక్కడ మారారో కూడా అదే చూపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భక్తి సాహిత్యాన్ని, అస్తిత్వవాద సాహిత్యాన్ని కలిపి చదవడం వల్ల ప్రయోజనం ఏమిటి?
2. బసవపురాణంలోని సమానత్వ భావన పరిధిని రెండు కథల ఆధారంగా వివరించండి.
3. మీ ఊరిలో జరిగే ఒక జాతర, ఉర్సు లేదా పండుగను రచనగా భావించి ఎడమ పుట ఈ రోజే రాయండి. కుడి పుట రెండు వారాల తరవాత నింపండి.