ముందు ఏ పెట్టె, తర్వాత ఏ పెట్టె

బాల్ పైథాన్ ఊపిరి మామూలుగా వినిపించదు. వినిపించిందంటే ఆగి చెవి పెట్టాల్సిందే. కుబుసం విడిచే రోజుల్లో ముక్కు దగ్గర పాత చర్మం అంటుకుని సన్నగా ఈల వేస్తుంది, కుబుసం ఊడాక అదీ పోతుంది. అలా పోకుండా నోటి అంచున జొల్లు తీగలా సాగుతూ, పాము తల పైకెత్తి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే భయపడాలి. మామూలు బ్యాక్టీరియా న్యుమోనియా కావచ్చు, నిడోవైరస్ కావచ్చు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. మొదటిదానికి యాంటీబయాటిక్ ఉంది, రెండోదానికి మందు లేదు.

డాలస్ శివార్లలోని మా ఇంట్లో పాములకు ఒక గది ఉంది. ఇక్కడ ఇదొక మామూలు అభిరుచే. మన దగ్గర నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే ఆగి "కరుస్తాయా?" అంటారు. నా బెంగ కాటు గురించి కాదు, ఒకదాని నుంచి ఇంకోదానికి పాకే రోగం గురించి.

బోవాలకూ కొండచిలువలకూ వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ 1970ల నుంచీ తెలిసిందే. దాని వెనక అరీనావైరస్ ఉందని 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు పట్టుకున్నారు. సోకిన కొండచిలువ మెడ వంకర్లు పోయి, వెల్లకిలా పడితే తిరగలేక, త్వరగానే చనిపోతుంది. బోవా మాత్రం అదే వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నిక్షేపంగా తిని తిరగగలదు. అందుకే ఈ పనిలో "చూడ్డానికి బాగానే ఉంది" అన్న మాట చెల్లదు.

చెల్లేది వరసే. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు, కొత్తవాటిది తర్వాత, అనుమానం ఉన్నదానిది అన్నిటికన్నా చివర. దాని పట్టకారు, నీళ్ల గిన్నె దానికే. అది తినకుండా వదిలేసిన ఎలకను పక్కదానికి వేయడం మన పొదుపు బుద్ధికి సబబుగానే తోస్తుంది. రోగానికి కావలసిందీ అదే. కొత్త పామును కనీసం మూడు నెలలు, బోవా అయితే ఆరు నెలలు వేరే గదిలో ఉంచుతాను. అడుగున తెల్లని పేపర్ టవల్ పరుస్తాను. మైట్లు ఉంటే మిరియాల పొడి చల్లినట్టు దానిమీద కనబడతాయి. నీళ్ల గిన్నె అడుగునా, కంటి చుట్టూ ఉన్న సందులోనూ వెతకాలి. ఈ రక్తం తాగే పురుగులు పెట్టె నుంచి పెట్టెకు నడిచిపోగలవు. ఇక క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి బ్లీచ్‌కు కూడా లొంగదు. దాని అనుమానం ఉంటే చెక్క సామాను తోముతూ కూర్చోను, చెత్తలో పడేస్తాను.

నోటి నుంచి స్వాబ్ తీసి పీసీఆర్‌కు పంపాక గదిలోంచి ఏ పామూ కదలదు, అమ్మకానికైనా, జత కట్టించడానికైనా. ఒకసారి నెగెటివ్ వచ్చినా సరిపోదు, మళ్లీ పరీక్ష చేయించాలి. ఈలోగా బేరం కుదిరిన మనిషి ఫోన్ చేస్తాడు: "జబ్బు పడింది వేరే పెట్టెలోది కదండీ, నాది ఇచ్చేయొచ్చుగా!"

"పెట్టెలు వేరేనండీ, చెయ్యి పెట్టేది నేనేగా" అని చెప్పి అడ్వాన్సు తిప్పి పంపిస్తాను.