వేగం యంత్రాన్నే అడగాలి

ప్లాంటులో కొత్తగా ఫైబర్ రింగ్ వేయగానే ఒక ఉత్సాహం మొదలవుతుంది. "ఫైబర్ ఉంది కదా సార్, అన్ని సిగ్నళ్లనూ మిల్లీసెకనుకోసారి తీసుకుందాం" అంటారు కుర్ర ఇంజనీర్లు. కొన్నాళ్లకు అదే కుర్రాళ్లు "సర్వర్ నిండిపోతోంది, స్కాన్ రేటు తగ్గిద్దాం" అంటూ వస్తారు. రెండు మాటలూ కేబుల్నీ డిస్కునీ చూసి అన్నవే. యంత్రం ఎంత వేగంగా మారుతుందో ఎవరూ అడగలేదు. ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న అదే.

థర్మల్ యూనిట్‌లో ప్రధాన ఆవిరి గొట్టం తీసుకోండి. థర్మోకపుల్ మందపాటి థర్మోవెల్‌లో కూర్చుని ఉంటుంది. ఆవిరి వేడి మారినా అది దానికి తెలియడానికే కొన్ని సెకన్లు పడుతుంది. దాన్ని సెకనుకు వెయ్యిసార్లు చదివితే కొత్త సంగతేమీ రాదు, పాతదే వెయ్యిసార్లు వస్తుంది, కాస్త ఎలక్ట్రికల్ నాయిస్ కలుపుకుని. సెకనుకోసారి చాలు.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న టర్బైన్ బేరింగ్ కథ వేరు. మన పెద్ద టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతాయి. ఆ కంపన తరంగాన్ని సెకనుకు 10 సార్లే చదివామనుకోండి. రెండు రీడింగుల మధ్య షాఫ్ట్ సరిగ్గా ఐదు చుట్లు పూర్తిచేస్తుంది. ప్రతిసారీ తరంగంలో అదే చోటు చేతికి చిక్కుతుంది. ట్రెండ్‌లో కదలని గీత కనబడుతుంది, కంపనమే లేదన్నట్టు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కొంచెం తగ్గి వేగం 2997కు వస్తే, ఆ గీత ఇరవై సెకన్లకోసారి మెల్లగా లేచి పడుతుంది. ఆ ఊపు యంత్రంలో లేదు, మనం చదివిన తీరులో పుట్టింది. దానికి కారణం ల్యూబ్ ఆయిల్‌లో, లోడ్‌లో వెతుకుతూ ఒక షిఫ్టు గడిచిపోగలదు.

దీన్ని ఏలియాసింగ్ అంటారు. తరంగంలోని అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే వేగంగా చదివితేనే ఈ మోసం తప్పుతుందని షానన్ 1949 నాటి వ్యాసంలో నిరూపించాడు. కంపన విశ్లేషణలో వాడుక 2.56 రెట్లు. 10 కిలోహెర్ట్జ్ దాకా చూడాలంటే సెకనుకు 25,600 నమూనాలు. దొంగ తరంగం ఒకసారి అంకెల్లో కలిసిపోయాక, దాన్ని అసలు తరంగం నుంచి వేరుచేసే దారి లేదు. దాన్ని ఆపే ఫిల్టర్ పని సిగ్నల్ అంకెలుగా మారకముందే, కార్డు దగ్గరే జరగాలి. డిస్కు కోసం స్కాన్ రేటు తగ్గిద్దామంటే నేను ఒప్పుకోనిది అందుకే.

మరి డేటా బరువు? 24 బిట్లలో 25,600 నమూనాలంటే ఒక్క సెన్సర్‌కు రోజుకు 6.6 గిగాబైట్లు. ఏడు బేరింగులకు రెండేసి సెన్సర్ల చొప్పున 90 గిగాబైట్లు దాటుతుంది. రింగ్‌కు ఇది ఏమంత భారం కాదు, సెకనుకు 9 మెగాబిట్లు కూడా లేదు. భారమంతా సర్వర్ మీద, ఆ గుట్టలోంచి వెతకాల్సిన మనిషి మీద పడుతుంది.

రింగ్‌కే ఊపిరాడని చోటు స్విచ్‌యార్డ్. ఐఈసీ 61850-9-2 ఎల్‌ఈ పద్ధతిలో మెర్జింగ్ యూనిట్ కరెంటునూ వోల్టేజీనీ సైకిల్‌కు 80 సార్లు, సెకనుకు 4000 సార్లు పంపుతుంది. ఒక్కో యూనిట్‌కు దాదాపు 5 మెగాబిట్లు. హెచ్‌ఎస్‌ఆర్ రింగ్‌లో ప్రతి ఫ్రేమూ రెండు దిక్కులా వెళ్తుంది. ఒకచోట ఫైబర్ తెగినా ఒక్క నమూనా పోదు. బదులుగా రింగ్‌లోని ప్రతి లింకూ అందరి డేటానూ మోయాలి. 100 మెగాబిట్ల రింగ్‌కు లెక్కప్రకారం 20 యూనిట్లు. ట్రిప్ సందేశాలకూ గడియారం సందేశాలకూ చోటు వదలాలి కాబట్టి నిజానికి అంతకంటే బాగా తక్కువ.

ఇక్కడ వేగం తగ్గించే వీల్లేదు, రిలే బతికేది ఆ నమూనాల మీదే. 2016లో వచ్చిన ఐఈసీ 61869-9 చూపిన దారి నాకు చాలా ఇష్టం. నమూనాలను సెకనుకు 4800కు పెంచి, ఒక్కో ఫ్రేములో రెండేసి పెట్టింది. 4000 ఫ్రేములు 2400 అయ్యాయి. నమూనాలు పెరిగినా హెడర్ల బరువు తగ్గింది.

మళ్లీ బేరింగ్ కంపనం దగ్గరికొస్తే, నేను చెప్పేది ఇది: సెన్సర్ దగ్గర పూర్తి వేగంతో చదవండి. మొత్తం కంపనాన్నీ, చుట్టుకోసారి వచ్చే భాగం పరిమాణాన్నీ, ఫేజ్‌నూ అక్కడే లెక్కకట్టి సెకనుకోసారి పంపండి. ముడి తరంగాన్ని అక్కడి బఫర్‌లోనే తిప్పుతూ ఉంచండి. అలారం వచ్చినప్పుడు ముందూ వెనకా ఉన్న ముక్కను మాత్రం రింగ్ మీదకు వదలండి. ట్రిప్ తర్వాత మనం వెతికేది ఆ ముక్క కోసమే.

నెమ్మది సిగ్నళ్లకు డెడ్‌బ్యాండ్, అంటే మార్పు ఒక హద్దు దాటితేనే విలువను పంపడం, మంచి సాధనమే. కానీ ఆ హద్దును రేంజ్‌లో ఒక శాతమని అన్నిటికీ ఒకేలా పెట్టేయడం నేను ఒప్పుకోను. 0–600 డిగ్రీల రేంజ్‌కు ఒక శాతమంటే ఆరు డిగ్రీలు. 540 దగ్గర నడిపే ఆవిరికి ఆరు డిగ్రీలు చిన్న తేడా కాదు.

కొత్త ప్రాజెక్టుల్లో ఐఓ లిస్టు తయారుచేసే యువ ఇంజనీర్లకు ఒక విన్నపం. ప్రతి సిగ్నల్ పక్కనా రెండు గడులు చేర్చండి: ఇది ఎంత వేగంగా మారగలదు, దీన్ని ఎవరు ఎందుకు చూస్తారు. నెట్‌వర్క్ డిజైన్‌కు ముందే, ఆ యంత్రాన్ని నడిపే ఆపరేషన్ వాళ్లతోనూ మెయింటెనెన్స్ వాళ్లతోనూ కూర్చుని వాటిని నింపండి.