గీత చదివే కళ్లు

గులాబీ గళ్ల కాగితం మీద గుండె గీసే గీతను, అంటే ఈసీజీని, చదవడం నేర్చుకున్నవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున జారుతుంది. చిన్న గడి 0.04 సెకను, పెద్దది 0.2. రెండు శిఖరాల మధ్య ఉన్న పెద్ద గళ్లతో 300ను భాగిస్తే గుండె వేగం తెలిసిపోతుంది. కానీ అసలు పని అంతకు ముందే, నర్సమ్మ వేళ్ల దగ్గర మొదలవుతుంది. పక్కటెముకల సందులు తడిమి లెక్కపెట్టి, నాలుగో సందులో రొమ్ము ఎముకకు ఇటొక ఎలక్ట్రోడ్, అటొక ఎలక్ట్రోడ్ అతికించాలి. ఒక సందు పైకి జరిగితే చాలు, గీత దారి తప్పిస్తుంది. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో, అంటే గుండెను కింది నుంచి చూసే గీతల్లో, ఎస్టీ భాగం పైకి లేస్తే గుండె కింది గోడకు రక్తం ఆగిందని అనుమానించాలి. పని తెలిసిన డాక్టరు అక్కడితో ఆగరు, కుడివైపు లీడ్లు కూడా తీయిస్తారు. కుడి జఠరిక దెబ్బతిన్నవాళ్లకు నాలుక కింద పెట్టే మాత్రతో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఎంత ముందుచూపు!

మా మెదక్ నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లేలోపు గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. అందుకే గీతను ఇక్కడే చదివి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వగల మనిషి విలువ ఇంతా అంతా కాదు. 2024లో మెదక్‌కు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఈ విద్య నేర్చే పిల్లలు ఇప్పుడు మన ఊళ్లోనే ఉన్నారు. ఛాతీలో బరువుగా ఉంటే గ్యాసేలే అని సోడా తాగి కూర్చోకండి, వెంటనే ఈసీజీ తీయించుకోండి. మొదటిది బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే ఇంకోసారి తీయమని అడగండి.